సర్వేలో అందరూ 5కి 4 కొడుతున్నారు, గేటు దగ్గర టీ బండి కాడ మాత్రం అన్నీ కక్కేస్తున్నారు: ఎక్కణ్ణుంచి సరిచేయాలి?

షిఫ్ట్_బి:
కంపెనీ పేరు వద్దులెండి. ఆన్‌లైన్ అమ్మకాల గోడౌన్, గన్నవరం దగ్గర. రెండు షిఫ్టులు కలిపి 220 మంది. కంపెనీ రోల్ మీద 40 మందే, తక్కిన 180 మంది రెండు ఏజెన్సీల మనుషులు. హెడ్డాఫీసు బెంగళూరు.

ఉద్యోగుల సర్వే లింకు పంపితే 31 శాతం మందే నింపారు. నింపినవాళ్లూ అన్నిటికీ 4 నొక్కి వదిలేశారు. టౌన్‌హాల్‌లో 'ప్రశ్నలున్నాయా' అంటే చప్పుడు లేదు. మానేసేవాళ్లు మాత్రం ఆగడం లేదు. బయట వినిపిస్తున్నవి ఇవి: పికింగ్ (ఆర్డరు సరుకు ర్యాకుల్లోంచి తీయడం) టార్గెట్ గంటకు 100, అది అందడం లేదు. 10 నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. నెలాఖరులో షార్టేజ్ వస్తే, అంటే సరుకు లెక్కకు తగ్గితే, షిఫ్టు మొత్తానికి పంచి కోస్తున్నారు. వీక్లీ ఆఫ్ ముందురోజు రాత్రి వాట్సాప్‌లో మారిపోతుంది. పైవాళ్లకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

పైనుంచి వచ్చిన ఆర్డరు: 30 రోజుల్లో 'కల్చర్ ప్లాన్' పంపాలి. నమూనాగా టీషర్టులు, పుట్టినరోజు కేకులు, శుక్రవారం ఆటలు పెట్టారు. వాటితో పని జరగదని తెలుసు. టార్గెట్, రికవరీ (జీతంలో కోతలు) నా చేతిలో లేవు, బెంగళూరుతో వాదించాలి. ఏ లెక్క పట్టుకుని వాదించమంటారు?

ర్యాక్_27:
టార్గెట్‌తోనే మొదలుపెట్టండి. పైవాళ్లతో వాదించడానికి అంకెలు దొరికేది అక్కడే.

ముందు గంటకు 100 అన్నది ఏ గంటకో తేల్చండి. 9 గంటల షిఫ్టు అంటే 540 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకు 30, పొద్దున మీటింగుకు 10, స్కానర్ గన్ తీసుకోవడం, లాగిన్, ఛార్జింగ్ లేని గన్ మార్చుకోవడం కలిపి 10. మిగిలింది 460 నిమిషాలు, అంటే 7 గంటల 40 నిమిషాలు. రిపోర్టు మొత్తం పిక్‌లను 9తో భాగిస్తుంటే 100 రావడానికి 900 తీయాలి. ఉన్న టైములో అది గంటకు 117. బెంగళూరులో చూసేవాళ్లకు 100 కనపడుతుంది, ఫ్లోర్ మీద కాళ్లకు 117 తెలుస్తుంది. ఈ ఒక్క తేడా ఎక్సెల్‌లో పెట్టి పంపండి.

రెండోది జోన్. బ్యాచ్‌లో, అంటే ఒక్క విడతలో, 30 లైన్లు (తీయాల్సిన సరుకులు) అనుకుందాం. ఒక్కో లైన్‌కి బిన్ (ర్యాకులో సరుకు పెట్టే అర) చూసి, తీసి, స్కాన్ చేయడానికి 12 సెకన్లు, మొత్తం 6 నిమిషాలు. నడక నిమిషానికి 60 మీటర్లు. కుక్కర్లు, మిక్సీలు, బియ్యం బస్తాలు ఉన్న వైపు ఆ బ్యాచ్‌కి 900 మీటర్లు తిరగాలంటే నడకకే 15 నిమిషాలు పోయింది, 21 నిమిషాలకు 30 లైన్లు, గంటకు 86. అదే మనిషిని ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్ల వైపు వేస్తే నడక 300 మీటర్లే, 11 నిమిషాల్లో అయిపోతుంది, గంటకు 164. మనిషి మారలేదు, చేతి వేగం మారలేదు. ర్యాకు మారింది అంతే. ఇప్పుడు ఫోన్ కవర్ల జోన్‌లో రోజూ ఎవరి పేర్లు ఉంటున్నాయో మూడు వారాల అలాట్‌మెంట్ తీసి చూడండి. నాయకత్వం మీద నమ్మకం లేదని సర్వే భాషలో రాసేది ఫ్లోర్ మీద చాలాసార్లు ఇదే: టీమ్ లీడర్ తనకు కావలసినవాళ్లను తేలిక ర్యాకులకు వేసి, నెలాఖరున వాళ్లకే 'స్టార్ పికర్' ఫోటో పెట్టించడం. జోన్ వారీగా వేరే టార్గెట్ పెట్టండి. అది ఒప్పుకోకపోతే కనీసం రెండు రోజులకోసారి జోన్ తిప్పండి, ఆ చార్టు గోడకు అంటించండి.

ఇంకోటి, 'నాట్ ఫౌండ్'. బిన్‌లో సరుకు లేకపోతే పికర్ అక్కడే వెతుకుతాడు, ఈలోగా స్కాన్ లేదు కాబట్టి సిస్టమ్ దాన్ని ఐడిల్ టైమ్ (ఊరికే ఉన్న టైము) అంటుంది. తప్పు పుట్-అవేలోదో (వచ్చిన సరుకు ర్యాకులో సర్దడం), సైకిల్ కౌంట్ (అప్పుడప్పుడూ సరుకు లెక్కపెట్టడం) సరిగా చేయకపోవడమో. మార్కు పడేది మాత్రం పికర్ మీద. 'నాట్ ఫౌండ్' కొట్టిన చోటల్లా ఐడిల్ నుంచి మినహాయించమని టెక్ టీమ్‌కి టికెట్ వేయండి. అది వచ్చేదాకా షిఫ్టు చివర చేత్తో తీసేయండి.

ఆఖరున పంచ్ మెషిన్ ఎక్కడుందో చూడండి. బయటకు పోయేటప్పుడు చెకింగ్‌కి ముందా, తరవాతా? 110 మంది, ఇద్దరు గార్డులు, మనిషికి 10 సెకన్లు పట్టినా చివరివాడు 9 నిమిషాలు లైన్లో నిలబడాలి. పంచ్ ముందే కొట్టించేసుకుంటే ఆ 9 నిమిషాలు ఊరికే పోయినట్టే. నెలకు 26 రోజులంటే దాదాపు 4 గంటలు. మెషిన్ గార్డు అవతలకు జరపడానికి ఎలక్ట్రీషియన్ చాలు, బెంగళూరు అక్కర్లేదు.

పేస్లిప్_గుంటూరు:
కోతల సంగతి నేను చెబుతాను. వీటిలో రెండు చట్టానికి నిలబడవు, కాబట్టి పైవాళ్లతో మనోభావాల గురించి కాకుండా రిస్క్ గురించి మాట్లాడండి, వింటారు.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. ఈ విషయాల్లో పాత 1936 చట్టం చెప్పిందీ దాదాపు ఇదే. రాని టైముకు కోత, రాని టైము మేరకే ఉండాలి. 10 నిమిషాలకు సగం రోజు కోయడం కుదరదు. 'అది కోత కాదు, ఫైన్' అంటారేమో. ఫైన్ అయితే ఏ తప్పులకు వేస్తారో ముందే ఆమోదం పొందిన జాబితా గోడ మీద ఉండాలి, మనిషిని అడిగి జవాబు తీసుకోవాలి, అన్ని ఫైన్లూ కలిపి ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు, రిజిస్టర్‌లో ఎక్కాలి, ఆ డబ్బు ఉద్యోగుల మేలుకే ఖర్చు కావాలి. ఇవన్నీ చూశాక చాలామంది హెచ్చార్లు ఫైన్ అన్న మాటే ఎత్తరు.

షార్టేజ్ ఇంకా స్పష్టం. పోయిన సరుకు ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పగించినదై ఉండాలి, పోవడానికి నేరుగా అతని నిర్లక్ష్యమే కారణమై ఉండాలి, సంజాయిషీ అడిగి ఉండాలి, కోత నష్టానికి మించకూడదు. 110 మంది తిరిగే ఫ్లోర్ మీద పోయిన ఇయర్‌ఫోన్ ఎవరికి అప్పగించినట్టు? కాబట్టి తలా ఇంత అని పంచేది ఏ లెక్కకూ నిలవదు. ఖరీదైన సరుకును జాలీ గదిలో పెట్టి, ప్రతి షిఫ్టుకు ఇద్దరి సంతకంతో అప్పగింత రిజిస్టర్ రాయండి. అప్పుడు పోతే ఎవరిని అడగాలో తెలుస్తుంది, మిగతా 108 మందికి కోత తప్పుతుంది. అన్ని కోతలూ కలిపినా వేతనంలో సగం దాటకూడదన్నది వేరే.

ఏజెన్సీ వాళ్లు 'మా మనుషులు కారు' అని వదలొద్దు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే కట్టాల్సింది ప్రధాన యజమానే, అంటే మీ కంపెనీయే. నెల జీతం తరవాతి నెల 7లోపు పడాలి. మానేసినవాళ్లకు లెక్క 2 పనిదినాల్లో తేల్చాలి. '45 రోజుల్లో ఫుల్ అండ్ ఫైనల్' అని పాత లెటర్లలో ఉంటుంది, అది ఇప్పుడు చెల్లదు. గేటు దగ్గర తిట్టుకునేవాళ్లలో సగం మంది ఈ బకాయి కోసమే తిరుగుతుంటారని నా అంచనా.

పీఎఫ్ చలానా తరవాతి నెల 15లోపు కట్టాలి. ఏజెన్సీ బిల్లు పాస్ చేసే ముందు చలానాతో పాటు పేర్ల వారీ ఈసీఆర్ (ఎవరి ఖాతాకు ఎంత కట్టారో చూపే రిటర్ను) కూడా అడగండి. ఒట్టి చలానా చూపిస్తే అందులో ఎవరి పేర్లున్నాయో తెలియదు. ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ ఎలా చూసుకోవాలో టీ టైములో పదేసి మందికి చూపించండి, అర నెలలో అందరికీ వచ్చేస్తుంది. ఈఎస్ఐ కూడా అంతే. నెల వేతనం 21,000 లోపు ఉన్నవాళ్ల దగ్గర 0.75 శాతం కోస్తున్నారు, కార్డు మాత్రం చేతిలో ఉండదు. జ్వరం వస్తే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి పోవచ్చని, డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే, 78 రోజుల చందా నిబంధన పూర్తయినవాళ్లకు 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుందని ఎవరూ చెప్పరు. అందుకే జ్వరంతోనే డ్యూటీకి వస్తారు.

ఏలూరురోడ్డు:
సర్వే గురించి ఒక మాట. లింకు ఒక్కొక్కరి ఫోన్‌కి విడిగా వచ్చిందా? అయితే అది ఎవరిదో తెలియని సర్వే కాదు, తెలిసినా బయటపెట్టం అని మాట ఇచ్చిన సర్వే. ఆ రెండిటికీ తేడా ఫ్లోర్ మీద అందరికీ తెలుసు, అందుకే 4 నొక్కారు. పైగా షిఫ్టు, డిపార్ట్‌మెంట్, ఆడా మగా, ఎన్నేళ్ల సర్వీసు అని అడిగితే రిటర్న్స్ సెక్షన్‌లో నైట్ చేసే ఆవిడ ఒక్కరే మిగులుతారు. ఇక పేరెందుకు? పది మంది కన్నా తక్కువ ఉన్న గుంపు ఫలితం విడిగా చూపకూడదు.

లింకు మానేసి కాగితం ఇవ్వండి, తెలుగులో, మూడే ప్రశ్నలు. 'ఈ నెలలో ఏ రోజు డ్యూటీకి రాబుద్ధి కాలేదు, ఎందుకు?' అన్నది ఒకటి ఉండాలి. '5కి ఎంత' అంటే అంకె వస్తుంది, 'ఏ రోజు' అంటే సంగతి వస్తుంది. డబ్బా కెమెరా కింద పెట్టొద్దు, క్యాంటీన్ వెనక చేతులు కడిగే చోట పెట్టండి. తెరిచేటప్పుడు ఫ్లోర్ వాళ్లు ఇద్దరు పక్కన ఉండాలి.

టౌన్‌హాల్ కూడా అదే కథ. పెద్దాయన బెంగళూరు నుంచి వీడియోలో ఇంగ్లీషులో మాట్లాడతాడు, తెలుగులోకి చెప్పేది సెంటర్ మేనేజరు, ఫిర్యాదేమో ఆ మేనేజరు మీదే. ఇక ఎవడు లేస్తాడు? ప్రశ్నలు ముందురోజే కాగితాల మీద తీసుకుని, వాటిని చదివే పని మేనేజరుకు కాకుండా ఇంకొకరికి ఇవ్వండి. జవాబులు వారంలోపు గోడ మీద: ప్రశ్న, జవాబు, ఎవరు చూస్తారు, ఏ తేదీకి. 'కుదరదు, ఎందుకంటే ఇది' అన్నా పర్వాలేదు, అదీ జవాబే. 'పరిశీలిస్తున్నాం' అని మాత్రం రాయొద్దు.

ఇంకా, 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనివాళ్లున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ చట్టప్రకారం ఉండాల్సిందే. యాజమాన్యం, కార్మికులు చెరి సగం, మొత్తం పది మందికి మించకూడదు, 30 రోజుల్లో తేల్చాలి. మీ దగ్గర బోర్డు మీద పేర్లు ఉండే ఉంటాయి, అందులో ఎంతమంది ఇంకా ఉద్యోగంలో ఉన్నారో చూడండి.

ఆఫ్ మార్చడం అసలు తగువు. రోస్టర్ 7 రోజుల ముందు పెట్టి తాళం వేయండి, తరవాత మార్చాల్సి వస్తే ఆ మనిషి ఒప్పుకోవాలి. రాత్రి పదిన్నరకు వదిలే షిఫ్టులో ఆడవాళ్లు ఉంటే వ్యాన్ పెట్టక తప్పదు. రాత్రి 7 దాటాక పని చేయించాలంటే వాళ్ల ఒప్పుదల, భద్రత రెండూ కావాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆర్టీసీ బస్సు ఉచితమే, కానీ ఆ వేళకు బస్సంటూ ఉండాలిగా.

మెజనైన్_2:
పైవన్నీ సరే. టీమ్ లీడర్‌ని ఎలా ఎంచుతున్నారో ఎవరూ అడగలేదు. వేగంగా పిక్ చేసేవాణ్ణి లీడర్ని చేస్తారు, మర్నాటి నుంచి 25 మంది మీద అరవమంటారు, ట్రైనింగ్ లేదు. అతని ఇన్సెంటివ్ కూడా ఆ గంటకు 100 మీదే కట్టి ఉంటుంది. ఇక అరవక ఏం చేస్తాడు? ఇన్సెంటివ్‌లో కొంత భాగం అతని టీమ్‌లో మూడు నెలలు దాటి నిలిచినవాళ్ల మీదకు మార్చండి, అరుపులు వాటంతటవే తగ్గుతాయి. మే నెలలో రేకుల కింద పై అంతస్తులో మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా నిలబడి చూడమనండి బెంగళూరు వాళ్లని. నీళ్ల క్యాన్ కింది అంతస్తులో ఉంటే తాగడానికి దిగి ఎక్కిన టైము కూడా ఐడిలే కదా.

షిఫ్ట్_బి:
పంచ్ మెషిన్ చెకింగ్‌కి ముందే ఉంది. ఈ వారమే జరిపిస్తాను. రిపోర్టు భాగిస్తున్నది 9తోనే, ఇప్పుడే చూశాను. జోన్ అలాట్‌మెంట్ తీస్తే 21 రోజుల్లో ఫోన్ కవర్ల వైపు అవే ఆరు పేర్లు. ఇంకో చిక్కు: దసరా సేల్ రోజుల్లో అందరూ ఒకేసారి సెలవు పెట్టేద్దామని గ్రూపుల్లో తిరుగుతోందట. ఎలా చూడాలి?

పేస్లిప్_గుంటూరు:
చట్టం తెలుసుకోండి, కానీ దాన్ని గ్రూపులో పోస్టు చేసి బెదిరించకండి. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెడితే అది సమ్మె కిందికి వస్తుంది, సమ్మెకు 14 రోజుల నోటీసు ఉండాలి. వేతనాల కోడ్‌లో ఇంకోటి ఉంది: పది మంది, అంతకు మించి కలిసి నోటీసు లేకుండా ఆగిపోతే, నియామక షరతుల్లో ఆ మాట ఉంటే 8 రోజుల వేతనం దాకా కోయొచ్చు. ఇది ఫ్లోర్ వాళ్లకు తెలియక చిక్కుకుంటారు, కాబట్టి కమిటీలో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పండి. అదే మీటింగులో షార్టేజ్ కోత ఆపేస్తున్నాం అన్న కాగితం కూడా చేతిలో ఉండాలి. లేకపోతే మీరు చెప్పింది బెదిరింపుగానే వినపడుతుంది.

ఏలూరురోడ్డు:
దసరా అనగానే గుర్తొచ్చింది. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి దగ్గర జనం విపరీతం. భవానీపురం, విద్యాధరపురం, వన్‌టౌన్ వైపు నుంచి వచ్చేవాళ్ల బస్సులు చుట్టూ తిప్పుతారు. ఆ రోజు 10 నిమిషాల నిబంధన పెట్టారంటే ఆ వైపు వాళ్లందరికీ సగం రోజు పోయినట్టే, సెలవు పెట్టడమే మేలనుకుంటారు. పంచాంగం చూసి ఆ తేదీ ఇప్పుడే రోస్టర్‌లో వేయండి, గంట వెసులుబాటు ఇవ్వండి. ఆ వైపు వాళ్లను వీలైతే రెండో షిఫ్టుకు మార్చండి, వాళ్లను అడిగి.