దీర్ఘకాలిక నొప్పికి విజయ చుక్కలు, బిహేవియరల్ థెరపీ: రెండూ కలిపి మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న (గట్టుప్పల్ వాసి)

మా అమ్మ వయసు యాభై ఎనిమిది. పెళ్లయిన నాటి నుండి చేతితోనే ఆసు పోసింది (నేతకు ముందు నూలును గూటాల చుట్టూ చేతితో తిప్పుతూ అమర్చే పని). కుడి భుజం, మెడ, నడుము నొప్పులు ఏళ్ల తరబడి ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ప్రాంతం కావడంతో ఎక్స్‌రే తీయించాము. వెన్నుపూసల్లో ఫ్లోరోసిస్ మార్పులు కొంతవరకు ఉన్నాయని డాక్టరు చెప్పి, రాత్రి వేసుకోవడానికి ప్రీగాబలిన్ అనే నరాల నొప్పి మందు రాశారు. నొప్పి పట్ల ఆలోచననూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ కూడా ఇప్పించమన్నారు. ఈలోగా హైదరాబాద్‌లో ఉండే మేనమామ, గంజాయి మొక్క ఆకుతో తయారైన ఆయుర్వేద మందంటూ ‘విజయ’ చుక్కల సీసా ఒకటి ఇంటర్నెట్‌లో తెప్పించి పంపాడు. రెండూ ఒకేసారి మొదలుపెడితే త్వరగా గుణం కనిపిస్తుందని ఆయన అభిప్రాయం. అమ్మ మాత్రం "నొప్పి భుజంల ఉంటే మనసుకు వైద్యమేంది?" అంటున్నది. ఏమి చేయాలి?

జవాబు (మహబూబ్‌నగర్, నొప్పి వైద్యంలో ఉన్న డాక్టరు)

ముందుగా ఒక హెచ్చరిక. ఫ్లోరోసిస్ వల్ల వెన్నెముకలోని సందు ఇరుకై వెన్నుపాము మీద ఒత్తిడి పడవచ్చు. కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం వంటివి కనిపిస్తే చుక్కలనూ థెరపీనీ పక్కనబెట్టి వెంటనే న్యూరాలజీ పరీక్ష చేయించండి.

అమ్మగారి ప్రశ్న న్యాయమైనదే. నొప్పి భుజంలోనే ఉంది, అది కల్పన కాదు. అయితే ఏళ్ల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము, మెదడు క్రమంగా చిన్న కదలికకు కూడా పెద్దగా స్పందించడం నేర్చుకుంటాయి. నొప్పి వస్తుందనే భయంతో మనిషి కదలడం తగ్గిస్తే కండరాలు బలహీనపడతాయి, నిద్ర చెడుతుంది, దానితో నొప్పి మరింత పెరుగుతుంది. థెరపీ పనిచేసేది ఈ చక్రం మీదనే.

గంజాయి మొక్కలోని టీహెచ్‌సీ అనే పదార్థం మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే సీబీ1 గ్రాహకాల (ఇలాంటి పదార్థాలను అందుకునే కణభాగాల) మీద పనిచేసి నొప్పి సంకేతాలను కొంత తగ్గిస్తుంది. ఆ ఉపశమనం ఉన్న సమయంలో రోగి వ్యాయామానికి, థెరపీకి సిద్ధపడగలరన్నది రెండింటినీ కలపాలనేవారి వాదన. అది కొట్టివేయదగినది కాదు, కానీ రెండు చిక్కులున్నాయి. థెరపీ అంటే కొత్త విషయాన్ని నేర్చుకోవడం, టీహెచ్‌సీ ఆ నేర్చుకునే జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ మందగింపజేస్తుంది. రెండవది నా దృష్టిలో ఇంకా పెద్దది: చుక్కలు వేసుకున్న రోజు పని చేయగలిగితే ఆ ఘనత చుక్కలకే పోతుంది, ‘నేను చేయగలను’ అనే నమ్మకం అమ్మగారిలో పుట్టదు, థెరపీ సాధించదలచినది ఆ నమ్మకాన్నే కదా.

ఆధారాల సంగతి చూస్తే, 2021లో వెలువడిన ఒక సమీక్ష 32 ప్రయోగాలను పరిశీలించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే, గంజాయి ఆధారిత మందులతో గుర్తించదగిన ఉపశమనం పొందినవారు నూటికి సుమారు పదిమంది మాత్రమే ఎక్కువ. అదే ఏడాది అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం, నొప్పికి ఈ మందులను సాధారణంగా వాడడాన్ని తాము సమర్థించలేమని ప్రకటించింది. థెరపీ మీద 2020లో వచ్చిన కాక్రేన్ (వైద్య ప్రయోగాలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 75 ప్రయోగాలను చూసి, నొప్పిలోనూ, పని చేయలేకపోవడంలోనూ, మనోవ్యథలోనూ మేలు ఉన్నదనీ, కాని అది చిన్నదేననీ తేల్చింది. రెండు చిన్న మేళ్లు కలిస్తే పెద్ద మేలు అవుతుందనే లెక్క శరీరంలో చెల్లదు. రెండూ ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల గుణం వచ్చిందో, దేనివల్ల తల తిరిగిందో కూడా తెలియదు. కాబట్టి థెరపీతోనే ఆరంభించమని నా సలహా.

జవాబు (మిర్యాలగూడ, ఫార్మసిస్టు)

చట్టం విషయం చెబుతాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలు. విడి ఆకు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఆకుతో చేసిన ఆయుర్వేద మందులకు లైసెన్సు లభిస్తున్నది. అయినా భంగు, అంటే ఆ ఆకే, డ్రగ్స్ నిబంధనల్లోని ఈ(1) షెడ్యూలులో విషద్రవ్యాల జాబితాలో ఉన్నది, దానితో చేసిన మందును వైద్య పర్యవేక్షణలోనే వాడాలి. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, టీహెచ్‌సీ, సీబీడీ (అదే మొక్కలోని మరో పదార్థం) మోతాదులు లేకపోతే దాన్ని తెరవకండి. ఎవరో తెచ్చిచ్చే విడి సరుకు జోలికి అసలే పోవద్దు, కిలో లోపు గంజాయికి కూడా ఏడాది వరకు జైలుశిక్ష ఉన్నది.

ప్రీగాబలిన్ మత్తునిస్తుంది, టీహెచ్‌సీ దానికి తోడైతే రాత్రివేళ లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఎక్కువ. సీబీడీ కాలేయంలో కొన్ని మందులు కరిగే వేగాన్ని తగ్గిస్తుంది. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడేది), క్లోబజామ్ (మూర్ఛకు వాడేది) వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అమ్మగారు వేసుకునే బీపీ, షుగరు మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి.

జవాబు (నారాయణపేట, మగ్గం నేసే వ్యక్తి)

నడుము నొప్పికి నేను ఈ థెరపీ తీసుకున్నాను. నొప్పి లేని రోజు రెట్టింపు నేయడం, మరునాడు మంచం పట్టడం నా అలవాటుగా ఉండేది. థెరపీ ఇచ్చిన ఆమె మొదట మాన్పించినది దాన్నే. నొప్పి వచ్చినా రాకపోయినా గడియారం చూసి లేవాలి, కాసేపు నడవాలి, మళ్లీ కూర్చోవాలి, ఆ గడువును వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. నొప్పి పూర్తిగా పోలేదు గాని, ఇప్పుడు వరుసగా పనిలో కూర్చోగలుగుతున్నాను. చుక్కలు ఎన్ని వేసినా చేతితో ఆసు పోయడం అలాగే సాగితే భుజానికి విశ్రాంతి ఎక్కడిది? చింతకింది మల్లేశం గారు తమ తల్లి భుజం నొప్పి చూడలేకనే ఆసు పోసే పనిని తానే చేసే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. మీ ఇంట్లో అది లేకపోతే ముందు ఆ ఏర్పాటు చూడండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. సీసా మీద మోతాదు వివరాలు లేవు కనుక దానిని పక్కన పెట్టాము. నారాయణపేట అన్న గారి మాటలు చదివి వినిపించాక అమ్మ థెరపీకి ఒప్పుకున్నది. థెరపీ జరిగే రోజుల్లో ప్రీగాబలిన్ ఆపాలా?

జవాబు (మహబూబ్‌నగర్ డాక్టరు)

ఆపవద్దు. హఠాత్తుగా మానితే నిద్రలేమి, ఆందోళన, చెమటలు వస్తాయి. ఉదయం మత్తుగా ఉంటున్నదంటే, మందు రాసిన డాక్టరుతో మాట్లాడి వేసుకునే వేళనో మోతాదునో మార్పించండి, థెరపీ మధ్యాహ్నం పెట్టించుకోండి. నొప్పి పదికి ఎంత అని ప్రతిరోజూ అడగకండి. ఎంతసేపు కూర్చున్నది, ఎన్ని గంటలు నిద్రపోయింది, జడ తానే వేసుకోగలిగిందా అన్నవి రాసిపెట్టండి. రెండు నెలల తర్వాత ఆ కాగితం చూసి, అప్పుడు కూడా అవసరమనిపిస్తే టీహెచ్‌సీ, సీబీడీ మందుల గురించి మాట్లాడుకుందాం.