కాడ్మియం పట్టిన ఆవ మొక్కల పైరాలిసిస్ (గాలి తగలకుండా వేడిచేసి బొగ్గు చేయడం): ఎంత వేడి పెట్టాలి?

ప్రశ్న: కాడ్మియం, సీసం ఉన్న నేలలో పెంచిన ఆవ మొక్కల్ని చిన్న బ్యాచ్ రియాక్టర్‌లో 650 డిగ్రీల దగ్గర కాలిస్తే బొగ్గులో సీసం లెక్కకు వస్తోంది, కాడ్మియం రావట్లేదు. ఎటు పోతోంది?

జవాబు 1: ఆవిరైపోతోందండీ. కాడ్మియం మరిగేది 767 డిగ్రీల దగ్గరే అయినా, దాని ఆక్సైడ్‌ను బొగ్గే లోహంగా మార్చేస్తుంది, ఆ లోహం మరగకముందే లేచిపోతుంది. 450 దాటనివ్వకండి. తేమ 10 శాతం లోపు ఉండాలి, వేడి నిమిషానికి 10 డిగ్రీల చొప్పున పెంచండి. సీసంతో ఇంత తంటా లేదు.

జవాబు 2: ముందు లెక్క చూడండి. ఎండు మొక్కలో కాడ్మియం కిలోకు 40 మి.గ్రా. ఉండి, దాని బరువులో 30 శాతం బొగ్గుగా మిగిలితే, బొగ్గులో కిలోకు 133 ఉండాలి. 80 వచ్చిందంటే 40 శాతం పోయినట్టే. అది చల్లటి పైపు గోడలకీ తారుకీ పట్టుకుని ఉంటుంది, అక్కడా కొలవండి. వేర్లకున్న మట్టి కడగకపోతే మాత్రం ఈ లెక్కలన్నీ దండగ.

జవాబు 3: గాలి చొరకుండా పంపే నైట్రోజన్‌ను చల్లారేదాకా ఆపొద్దు. వేడి మీద మూత తీస్తే బొగ్గు అంటుకుంటుంది, బూడిద లేస్తుంది. ఈ బొగ్గు పొలానికి పనికిరాదు. టీసీఎల్‌పీ పరీక్షలో (వ్యర్థంలోంచి విషపదార్థాలు ద్రవంలోకి ఎంత ఊరతాయో చూసేది) కాడ్మియం లీటరుకు 1 మి.గ్రా. చేరితే ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క.