ఈ వారం సమస్య: మకర సంక్రాంతి వేళలో మండెనెండ

నిర్వాహకుడు: కనుమ నాటి పొద్దున్న శాలువా కప్పుకుని అరుగు మీద కూచుంటే తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

బొంకులదిబ్బ, విజయనగరం:
కొత్త యల్లుడు వచ్చును కోరి యెపుడు?
రోహిణీకార్తె నేమయ్యె రోళ్లు పగుల?
అడిగి చూడుము మీ యత్త, నామె చెప్పు:
మకర సంక్రాంతి వేళలో, మండెనెండ!

నిర్వాహకుడు: రోళ్లు పగలడం భలే పడింది. కానీ మాస్టారూ, క్రమాలంకారంతో, అంటే రెండు ప్రశ్నలకి వరుసగా రెండు జవాబులుగా, పాదాన్ని రెండు ముక్కలు చేశారు. సంక్రాంతికి ఎండ కాయనే లేదు.

నాగావళి, శ్రీకాకుళం (ఇప్పుడు మెల్‌బోర్న్): మాకు నిజంగానే కాసింది.
భోగిమంటలు వలదని పురమువారు
పలుక, దీపమ్ము వెలిగించి పరవశించి
ముగ్గు వేసితిని మా యింటి ముంగిటందు
మకర సంక్రాంతి వేళలో మండెనెండ

పాలకొండ: దక్షిణార్ధగోళం! జనవరి అంటే అక్కడ నడివేసవి. మకరరేఖ కూడా ఆ దేశం మీదుగానే పోతుంది, క్వీన్స్‌లాండ్‌లో రాక్‌హాంప్టన్ దగ్గర. ఇక ఇందులో సమస్య ఏముంది?

బొంకులదిబ్బ: ఊహ బాగుంది. "వేసితిని" దగ్గర ఒక లఘువు ఎక్కువైంది. "పరవశించి" యతి కోసం తెచ్చిపెట్టింది. పోయిన దసరా సమస్యలోనూ తొందరే, మా విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను విజయదశమి నాడే తిరిగిందని రాశావు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం కదమ్మా తిరిగేది!

నాగావళి: ఆ మంగళవారాన్ని ఇంకా వదల్లేదా మాస్టారూ? తప్పని అప్పుడే ఒప్పుకున్నాను. మీ పద్యంలో "కోరి" దేనికొచ్చింది?

బొంకులదిబ్బ: యతికే. ఒప్పుకున్నాను. మంట వద్దన్నారు, దీపం పెట్టుకున్నావు. అంతేనా జరిగింది?

నాగావళి: కాదు. వేడీ గాలీ మరీ ఎక్కువైన రోజుల్లో ఇక్కడ విక్టోరియాలో ఆరుబయట మంట వేయనివ్వరు, కార్చిచ్చు భయం. భోగి నాడు అదే పడింది. ఇంటి ముందు సిమెంటు నేల మీద పదకొండు చుక్కల ముగ్గు మొదలెట్టాను. చెమటకి పిండి వేళ్లకి అంటుకుపోతోంది. నాలుగో వరుసలో ఉండగా చేతి మీద నీడ పడింది. తలెత్తితే పక్కింటి ముసలమ్మ, ఎనభై దాటినావిడ, గొడుగు పట్టుకుని నించుంది. ఏమిటిదని అడగలేదు. ముగ్గు అయ్యేదాకా కదల్లేదు. పండగ పూట అమ్మ దగ్గర లేనన్న దిగులు ఆ నీడలో తగ్గింది. ఆవిడకి నేనెంత రుణపడ్డానో పద్యంలో పెట్టలేకపోయాను.

బొంకులదిబ్బ: పద్యం అదేనమ్మా. "పరవశించి" తీసేసి ఆ గొడుగు పెట్టు.

నాగావళి:
భోగిమంటలు వలదని పురమువారు
పలుక, గొడుగెత్తి నీడిడె ప్రక్కయింటి
ముదుసలమ్మ, నే ముగ్గిడ ముంగిటందు
మకర సంక్రాంతి వేళలో మండెనెండ

పాలకొండ: "నీడిడె" దగ్గర నాలుక కొంచెం తడబడింది.

బొంకులదిబ్బ: ఉండనీ. "ముగ్గిడ ముంగిటందు" దగ్గర నేను రెండుసార్లు ఆగాను. ఇందులో నేను వేలు పెట్టను. అవ్వగారికి అరిసెలు ఇచ్చావా?

నాగావళి: పళ్లెం నిండా పట్టుకెళ్లాను. నువ్వులు ఎక్కువ అంటినవి రెండు ఏరుకుంది.