స్టెంట్ గ్రాఫ్ట్ వేశాక లోపల పుండు మానినట్టు మానుతుందా అండి?

లేసుపల్లె:
మాది నరసాపురం దగ్గరండి. నాన్నగారికి పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బిందని పోయిన నెల తొడ దగ్గర్నుంచి స్టెంట్ గ్రాఫ్ట్, అంటే తీగల చట్రం ఉన్న గుడ్డ గొట్టం, ఎక్కించేరు, పొట్ట కొయ్యలేదు, ఇప్పుడు అరుగు మీద కూచుని పేపర్ చదువుకుంటున్నారు. కానీ ఏటా స్కానింగ్ తప్పదంట. ఆ గుడ్డ గొట్టం నాళానికి అతుక్కుపోదా? తీగల డిజైన్ బట్టి మానడంలో తేడా ఉంటుందా? ఓపీలో రెండు నిమిషాలే దొరికేయి, అడగలేకపోయేను.

క్యాథ్‌ల్యాబ్ కాకినాడ:
పూర్తిగా అతుక్కోదండి. మనుషుల్లో నాళం లోపలి పొర గ్రాఫ్ట్ చివర్ల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు పాకి ఆగిపోతుంది, మధ్యలో గుడ్డ మీద ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు వచ్చే పీచు లాంటి ప్రోటీన్) పూతలా పేరుకుని అలాగే ఉండిపోతుంది. కుక్కల్లో అయితే మొత్తం కట్టేస్తుంది, అందుకే జంతువుల్లో బాగా మానిందంటే నేను వెంటనే నమ్మను. అంచేత పట్టంతా తీగదే. నిటినాల్ (నికెల్, టైటానియం కలిపిన లోహం) తీగ లోపల విచ్చుకుని గోడని నొక్కి పట్టుకుంటుంది, కొన్నిటికి పైన కొక్కేలుంటాయి. సైజు నాళం కన్నా 10-20 శాతం ఎక్కువ తీసుకుంటారు, మరీ ఎక్కువైతే గుడ్డ ముడతలు పడి ఆ సందుల్లోంచి రక్తం ఉబ్బులోకి దూరుతుంది.

గోదారిగట్టు:
బయోమెడికల్ చదువుతున్నానండి, భీమవరం. తీగ గుడ్డకి లోపలుందా బయటుందా అన్నది చాలా ముఖ్యం. లోపలుంటే రక్తం దానికి కొట్టుకుని సుడి తిరిగి అక్కడ గడ్డ పేరుకోవచ్చు, బయటుంటే లోపల నున్నగా ఉంటుంది గానీ గుడ్డకీ గోడకీ మధ్య తీగ అడ్డం. గుండె రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది కదా, తీగ గుడ్డని రాసుకుంటూ ఉంటే ఏళ్ల మీద చిల్లు పడొచ్చు కూడా. ఇంకోటి, మన కాలవకి సిమెంటు లైనింగ్ అయిపోయి మట్టిగట్టు మొదలైన చోటే కోత పడుతుంది చూడండి, గట్టి స్టెంటు ఆగి మెత్తటి నాళం మొదలయ్యే చోట కూడా తేడా అక్కడే వస్తుంది, కాకపోతే కోతకి బదులు కండ పెరిగి దారి ఇరుకవుతుంది. మీ ఊరి లేసులాగే గుడ్డలో రంధ్రాల సైజు కూడా లెక్కే, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం ప్లాస్టిక్) గ్రాఫ్టుల్లో 30 మైక్రాన్లు మామూలు, 60 పెడితే బాబూన్ కోతుల్లో గ్రాఫ్ట్ గోడలోంచి కణాలొచ్చి మానింది, మనుషుల్లో అలా జరగలేదు.

అమలాపురం అమ్మ:
ఆ ఇరుకు సంగతి మేం పడ్డామమ్మా. మావారికి డయాలసిస్‌కి చేతిలో గ్రాఫ్ట్ గొట్టం వేసేరు, సిరకి కలిపిన చోటే రెండుసార్లు మూసుకుపోతే బెలూన్ చేసేరు, మూడోసారి గుడ్డ కప్పిన స్టెంట్ పెట్టేరు, అప్పట్నుంచీ బానే నడుస్తోంది. రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి జుయ్యిమని తగుల్తోందో లేదో చూస్తాను, తగలకపోతే ఆ రోజే పరిగెత్తాలి.

లేసుపల్లె:
చాలా థ్యాంక్సండి. స్కానింగ్‌లో ఏం అడగాలి మరి?

క్యాథ్‌ల్యాబ్ కాకినాడ:
ఉబ్బు పోయినసారికన్నా తగ్గిందా పెరిగిందా అని ముందు అడగండి. తీగ బాగానే కూచున్నా వెనక వెన్ను వైపు చిన్న నాళాల్లోంచి రక్తం ఉబ్బులోకి వెనక్కి రావచ్చు, అదుందా అని కూడా. పాత సీడీ పట్టుకెళ్లండి, పక్కన పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. మందు ఎక్కించి తీసే స్కాన్ అయితే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించండి.