కొండ చాటు సెన్సార్లకి స్మార్ట్ రిఫ్లెక్టర్ ప్యానెలా, సోలార్ రిపీటరా?

జీడితోట_మందస:
మందస దగ్గర తోటలో నేల తడి సెన్సార్లు లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) మీద పెట్టాం, వాటి సిగ్నల్ అందుకునే గేట్‌వే ఏమో కొండకి అవతల ఊళ్ళో. సిగ్నల్ అందక అన్నీ ఎస్ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, పెంచితే దూరం పోతాది కానీ నెమ్మది) 12లోనే పంపుతున్నాయి, ఎస్ఎఫ్ ఒక్క మెట్టు పెరిగితే గాల్లో ఉండే టైము దాదాపు రెట్టింపు కదా, బ్యాటరీలు ఆగట్లేదు. కొండ మీద ఆర్ఐఎస్ ప్యానెల్, అదే స్మార్ట్ రిఫ్లెక్టర్, పెడితే? సొంతంగా ఏదీ పంపదు, వచ్చిన తరంగం ఫేజ్ మార్చి కావల్సిన వైపు తిప్పుతాది, దాని మీదుండే చిన్న చిన్న ముక్కలు (ఎలిమెంట్లు) రెట్టింపు చేస్తే అందే పవర్ 4 రెట్లు. నేనైతే పెట్టాలనే అంటాను.

నాగావళి_గట్టు:
ఆ 4 రెట్లు అందరూ చెప్తారు బాబూ, దూరాల సంగతి చెప్పరు. సెన్సార్ నుంచి ప్యానెల్‌కి ఎంతో, అక్కణ్ణించి గేట్‌వేకి ఎంతో, ఆ రెండూ గుణించి దాని వర్గం లెక్కన పవర్ పడిపోతాది. అంటే సరిగ్గా మధ్యలో ఉన్న కొండే అన్నిటికన్నా చెడ్డ చోటు. పైగా 866 మెగాహెర్ట్జ్‌లో తరంగం 35 సెంటీమీటర్లు, అందులో సగానికొక ఎలిమెంట్, 16 బై 16 అంటే దాదాపు 3 మీటర్ల పలక. 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానం కొబ్బరిచెట్లే పడిపోయాయి, ఇదేటి నిలబడతాది?

జీడితోట_మందస:
చెడ్డ చోటైనా సరిపోతే చాలు కదండీ. అటు కిలోమీటరు ఇటు కిలోమీటరు, 14 డీబీఎం పంపితే, అడ్డం ఏదీ లేదనుకుంటే −110 డీబీఎం దగ్గర అందుతాది, అన్నిటికన్నా వేగంగా పంపే ఎస్ఎఫ్ 7కి −123 అయినా చాలు.

చీపురుపల్లి_సోల్డర్:
ఆ మిగిలే 13 డీబీ జీడాకులు, ప్యానెల్లో ఫేజ్ మార్చే డయోడ్లు, వంకర కోణం కలిసి తినేస్తాయి 😄 అదే కొండ మీద చిన్న లోరా రిపీటర్ (సిగ్నల్ విని మళ్ళీ పంపేది) పెట్టు, వినడానికి 10 మిల్లీయాంపులు, చిన్న సోలార్ పలక చాలు. ఏ సెన్సార్‌కి ఏ ఫేజ్ పెట్టాలో తెలియాలంటే మళ్ళీ సెన్సారే టెస్ట్ సిగ్నల్ పంపాలి, ఆ కరెంటు ఎవడిది?

జీడితోట_మందస:
చెట్టుకి కట్టిన సెన్సార్ ఎక్కడికి పోతాది, ఒక్కసారి కొలిచి ఆ ఫేజ్‌ల కోడ్ దాచుకుంటే సరి.

నాగావళి_గట్టు:
కోడ్ మారనప్పుడు స్మార్ట్ ఎందుకు మరి? కొండల్లో మైక్రోవేవ్ లింకులకి సిగ్నల్ తిప్పడానికి ఉత్త రేకులే నిలబెట్టేవారు.

జీడితోట_మందస:
రేకు ఒక్క వైపే చూస్తాది. నా సెన్సార్లు మూడు దిక్కుల్లో ఉన్నాయి, వంతులవారీగా కోడ్ మార్చాలి.

చీపురుపల్లి_సోల్డర్:
అయితే కొండ వదిలెయ్, జీడిపప్పు గోడౌన్‌లో చెయ్. 2.4 గిగాహెర్ట్జ్‌లో అదే 256 ఎలిమెంట్లు మీటరు పలకలో పడతాయి, సెన్సార్ ట్యాగ్ పక్కనే గోడకి కొట్టొచ్చు, గాలీ వానా లేవు. తోటకి మాత్రం నా ఓటు రిపీటర్‌కే.