ఒకే పెరట్లో ఐదు పుంజులు: కొట్టుకోకుండా ఉంచాలంటే దొడ్డి ఎలా కట్టాలి?

పెరటిగూడు:

పెరడు 40 × 30 అడుగులు. మూడు వైపులా ప్రహరీ, నాలుగో వైపు ముళ్లకంచె. ఒక మూల 10 × 6 రేకుల గూడు ఉంది. నాటు పెట్టలు 13, రెండేళ్ల పుంజు ఒకటి, ఐదు నెలల కుర్ర పుంజులు నాలుగు. ఈ నాలుగూ ఒకే పొదుగులోవే గానీ గుడ్లు కొన్ని బయటి నుంచి తెచ్చి పెట్టినవి. అందుకే ఒకదానికి మెడ పొడుగు, కాళ్లు లావు, జుట్టు చిన్నది. పందెం జాతి అయిన అసీల్ పోలిక గట్టిగా కనిపిస్తోంది.

కుర్రవి కూత పట్టి రెండు వారాలైంది. అప్పటి నుంచి పెద్దది వాటిని తరుముతూనే ఉంది. పొద్దున గూడు తలుపు తీసిన మొదటి గంట, సాయంత్రం కర్ర ఎక్కే వేళ మరీ ఎక్కువ. మూడు పెట్టలకు వీపు మీద ఈకలు పోయాయి.

అమ్మడం, కోయడం కాకుండా అయిదింటినీ ఉంచుకోవాలి. పెట్టలతో రెండు పుంజుల్ని వదలొచ్చా? మధ్యలో వల కడితే సరిపోతుందా? కాలి ముళ్లు కోయించాలా? కొలతలతో చెబితే మేస్త్రీకి చూపిస్తాను.

గింజలబుట్ట:

ముందు లెక్క చూడండి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. మీ దగ్గర పుంజుకు మూడు పెట్టలు కూడా రావు. వీపులు బోడి కావడం అందుకే. ఈ లెక్కలో గూడు ఎంత పెద్దది కట్టినా, అందరినీ కలిపి ఉంచితే గొడవ ఆగదు.

పెద్ద పుంజును పెట్టలతోనే ఉంచండి. కుర్రవాటికి వేరే దొడ్డి, పెట్టల గూటికి ఎదురు మూలన, ప్రహరీని ఆనించి కట్టండి. పెట్టలు కళ్లబడకపోతే కలిసి పెరిగిన పుంజులు చాలావరకు సర్దుకుంటాయి. అవి కొట్టుకునేది మొదట పెట్టల కోసం, తర్వాత ఎత్తైన కర్ర కోసం, మేత గిన్నె కోసం. ఈ మూడింటికీ ముందే ఏర్పాటు చేస్తే మిగిలేవి చిన్న చిన్న కీచులాటలే.

నాలుగింటికి 12 × 8 అడుగుల దొడ్డి కట్టండి. పుంజుకు 24 చదరపు అడుగులు వస్తుంది. మామూలుగా బయటి ఆవరణకు కోడికి 10 చాలంటారు, అది పెట్టల లెక్క. పుంజుకు రెట్టింపు ఎందుకంటే ఓడినది గెలిచినదాని ముందు నుంచి ఎనిమిది, పది అడుగులు పారిపోగలగాలి. కోళ్లలో ఓటమి ఒప్పుకోవడం అంటే దూరంగా జరగడమే. జరిగే చోటు లేకపోతే ఎదుటిదానికి అది ఒప్పుకోలుగా కనపడదు, ఇంకా పొడుస్తుంది.

పడుకునే కర్రలు రెండు, ఒక్కోటి నాలుగడుగులు, రెండూ నేలకు రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద నిచ్చెనలా కట్టారంటే రోజూ సాయంత్రం పైకర్ర కోసం యుద్ధమే. మీ గూట్లో ఇప్పుడు జరుగుతున్నది బహుశా అదే. కర్ర రెండంగుళాల మందం, అంచులు నున్నగా చెక్కించండి. రెండు కర్రల మధ్య రెండడుగులు వదలండి.

మేత గిన్నెలు మూడు, నీళ్ల కుండలు రెండు. ఏదీ మూలలో పెట్టొద్దు. మూలలో గిన్నె పెడితే తినేదానికి వెనక దారి ఉండదు. నాలుగింటికి కలిపి రోజుకు అర కిలో మేత, పొద్దున సగం, సాయంత్రం సగం. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్లది) మాత్రం పుంజులకు పెట్టకండి. దాంట్లో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. గుడ్డు పెట్టనిదానికి 1 శాతం చాలు, ఎక్కువైనది నెలల తరబడి మూత్రపిండాల మీద పడుతుంది. గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్లది), జొన్నలు, నూకలు పెట్టండి. పెట్టల గూట్లోనూ గ్రోయరే వేసి ఆలిచిప్పల పొడి వేరే గిన్నెలో పెడితే పెద్ద పుంజుకూ మంచిది, పెట్టలు కావలసినంత ఏరుకుంటాయి.

పెట్టలతో రెండు పుంజులా? 13 పెట్టలకు వద్దు. 20 దాటితే అప్పుడు ఆలోచించొచ్చు.

దడికట్టు:

పై కొలతలు బాగున్నాయి. ఒక్క చోటే తేడా వస్తుంది. కర్ర రెండున్నర అడుగుల ఎత్తున ఉంటే పుంజు దాని మీద నిలబడి పెట్టల గూడు మొత్తం చూస్తుంది. కాబట్టి పెట్టల వైపు ఉండే గోడకు తాటాకు దడి అయిదడుగుల ఎత్తు దాకా కట్టండి. మిగతా వైపులు పైన తెరిచి ఉంచాలి. ఎండాకాలంలో నాలుగు వైపులా మూస్తే కోళ్లు ఉడికిపోతాయి.

మేస్త్రీకి చెప్పాల్సింది ఇది. పొడుగు తూర్పు పడమరలుగా పెట్టండి, ఎండ లోపలికి నేరుగా పడదు. ఒక పొడుగు వైపు ప్రహరీయే కాబట్టి మిగతా మూడు వైపులు కలిపి 28 అడుగుల కంచె. నాలుగడుగులకు ఒకటి చొప్పున సరుగుడు కర్రలు ఎనిమిది. నేలలోకి అడుగున్నర, పైకి ఆరడుగులు ఉండేలా పాతండి. మొదలుకు తారు పూస్తే చెద తొందరగా పట్టదు. కింద రెండున్నర అడుగుల కడప బండలు నిలబెట్టి అర అడుగు నేలలో పూడ్చండి, రెండడుగులు పైకి ఉంటుంది. దీనివల్ల రెండు లాభాలు: పందికొక్కు, ముంగిస అంత తేలిగ్గా తవ్వుకుని రాలేవు, బయట తిరిగే పెద్ద పుంజు లోపలివాటితో కంచె దగ్గర తలపడలేదు. మీరు అడిగిన ఉత్త వల సరిపోకపోవడానికి కారణం ఇదే. వలకు అటొకటి ఇటొకటి నిలబడి పొద్దస్తమానం పొడుచుకుంటాయి, జుట్టు, ముక్కు చీరుకుపోతాయి.

బండల పైన అర అంగుళం కన్ను ఉన్న జీఐ వెల్డ్ మెష్ వేయండి. ఆరు మూలల కన్నుల పల్చటి కోళ్ల వల వద్దు, కుక్క పళ్లతో లాగితే చిరుగుతుంది. నాటు పుంజు ఆరడుగులు అవలీలగా ఎగురుతుంది కాబట్టి పైన నైలాన్ వల కప్పండి. కుదరకపోతే ఒక్క రెక్కలోనే పది పొడుగు ఈకలు సగానికి కత్తిరించండి, ఈకలు మార్చుకునేదాకా పనిచేస్తుంది. రెండు రెక్కలూ కత్తిరిస్తే తూకం కుదిరి మళ్లీ ఎగురుతుంది.

లోపల రెండు అడ్డు తెరలు కావాలి. మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల పొడుగు తాటాకు దడి ముక్కలు చాలు. వాటిని గోడకు ఆనించొద్దు. రెండు చివరలా తిరిగి వెళ్లే సందు రెండడుగులు ఉండాలి. తరిమేదానికి కనపడకుండా ఒక్క క్షణం తప్పుకుంటే చాలు, తరమడం ఆగిపోతుంది. నాలుగు మూలల్లోనూ రేకు ముక్క ఏటవాలుగా బిగించి మూల లేకుండా చేయండి. పుంజులు చచ్చేది మూలలోనే.

మీ ఆవరణ 1200 చదరపు అడుగులు, కాబట్టి రెండు పుంజుల్ని వదలొచ్చని నా అభిప్రాయం. చెట్లు, పొదలు, రెండు గూళ్లు ఉంటే ఒక్కోటి ఒక్కో వైపు ఏలుకుంటుంది.

గింజలబుట్ట:

ఊళ్లో వీధంతా తిరిగే కోళ్లకు అది నిజం. మూడు వైపులా ప్రహరీ ఉన్నచోట కాదు. పైగా ఆ 1200లోంచి మీ దొడ్డి, గూడు పోతే మిగిలేది వెయ్యికి కాస్త ఎక్కువ. ఆ 13 పెట్టల్లో ఇప్పటికే మూడింటి వీపులు పోయాయి. మొదట అవి మానాలి. వాటికి మందపాటి నూలు గుడ్డ 8 × 6 అంగుళాలు కత్తిరించి, రెండు వైపులా ఎలాస్టిక్ కుట్టి, రెక్కల కిందుగా తొడిగి వీపు మీద కప్పండి. రెక్క కింద పక్కటెముకల దగ్గర చర్మం చీలిందేమో ఈకలు ఎత్తి చూడండి. పుంజు ఎక్కేటప్పుడు గోరు దిగేది అక్కడే, పైకి కనపడదు.

డేగకాకి:

ఆ అసీల్ పోలిక ఉన్నదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అది అన్నిటికంటే ముఖ్యం.

వనరాజా లాంటి నెమ్మది జాతులకు, మామూలు నాటు పుంజులకు పైన చెప్పినదంతా వర్తిస్తుంది. అసీల్‌ను తరతరాలుగా ఏరి పెంచిందే వెనకడుగు వేయకుండా ఉండటానికి. పెట్టలు లేకపోయినా, దొడ్డి ఎంత పెద్దదైనా, అన్నదమ్ములైనా అది ఆగదు. కానీ ఒట్టి రూపం చూసి తీర్పు చెప్పొద్దు. వచ్చే రెండు మూడు రోజులు దగ్గర కూర్చుని గమనించండి.

మామూలు కీచులాట ఇలా ఉంటుంది: రెండూ తలలు నేలకు దించి, మెడ ఈకలు గొడుగులా విప్పి, ముక్కుకు ముక్కు ఎదురుగా నిలబడతాయి. ఒకసారో రెండుసార్లో ఎగిరి తన్నుకుంటాయి. ఆ తర్వాత ఒకటి తల పక్కకు తిప్పి, అక్కడేమీ లేకపోయినా గింజ ఏరుతున్నట్టు నేల పొడుస్తుంది. మెడ ఈకలు వాలిపోతాయి. అంతే, నిమిషంలోపు అయిపోతుంది. దాంట్లో దూరకండి. మీరు విడదీసినకొద్దీ తేలని లెక్క మర్నాటికి మిగులుతుంది.

ప్రమాదమైనది ఇది: ఓడినది వెనుదిరిగి పరుగెత్తినా గెలిచింది వెంటబడి పట్టుకుని, జుట్టు ముక్కుతో బిగబట్టి తన్నుతుంది. రక్తం కనపడినా, ఒకటి రోజంతా మేతకు దిగకుండా కర్ర మీదే ఉండిపోయినా అదే లెక్క. పోలిక ఉన్నది ఇలా చేస్తే ఆ రోజే విడదీయండి, రేపు చూద్దాం అనొద్దు.

దానికి విడి గది 4 × 4 అడుగులు, ఎత్తు అయిదు. పక్క గోడలు మూడడుగుల దాకా మూసి ఉండాలి. ఈ పుంజు నిలబడితేనే రెండడుగులు దాటుతుంది, రెండడుగుల బండ మీంచి అవతలివాటిని చూస్తుంది. రోజూ ఒక గంట మిగతా కోళ్లన్నిటినీ మూసి దాన్ని ఒక్కదాన్నే పెరట్లో వదలండి.

కట్టేసి పెంచే పద్ధతి మన దగ్గర ఉన్నదే. అలా చేస్తే తాడు నాలుగడుగులకు మించొద్దు, కాలికి మెత్తటి నూలు పట్టీ వేయాలి, వారానికోసారి కాలు మార్చాలి. కాలు చాపి ఇంకో అడుగు అందుకుంటుంది కాబట్టి రెండు పుంజుల్ని కడితే వాటి మేకుల మధ్య 13 అడుగులు ఉండాలి. నీడ, నీళ్లు తాడు అందేంతలోనే పెట్టాలి. పగలు, మనిషి ఉన్నప్పుడే కట్టాలి. కుక్క వస్తే కట్టు మీదున్న కోడికి గతి లేదు. గంప కింద మూయడం గంట, రెండు గంటలకే. మధ్యాహ్నం మర్చిపోతే వడదెబ్బకు పోతుంది.

ఇంకో మాట. అలాంటి పుంజు ఉందని తెలిస్తే సంక్రాంతి ముందు పందేలకు అడగడానికి మనుషులు వస్తారు. పందెం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. ఇవ్వకండి, దొడ్డికి తాళం వేయండి.

పెరటిగూడు:

చాలా కృతజ్ఞతలండీ. 12 × 8 దొడ్డి, పక్కనే 4 × 4 గది కట్టిస్తున్నాను. పెట్టలతో పెద్దది ఒక్కటే. ఇంకో రెండు సందేహాలు. కొత్త దొడ్డిలోకి ఎప్పుడు, ఎలా మార్చాలి? ఏదైనా దెబ్బ తగిలి పది రోజులు విడిగా ఉంచితే మళ్లీ ఎలా కలపాలి? ముళ్ల సంగతి కూడా చెప్పండి.

దడికట్టు:

చీకటి పడ్డాక మార్చండి. కర్ర మీద నిద్రపోతున్నవాటిని ఒక్కొక్కటిగా తీసి, అందరినీ ఒకే రాత్రి కొత్త కర్రల మీద కూర్చోబెట్టండి. ఇవాళ రెండు, రేపు రెండు అంటే ముందు వెళ్లినవి దొడ్డి తమదనుకుంటాయి. సాయంత్రమే నేల మీద అక్కడక్కడ జొన్నలు చల్లి ఉంచండి, తెల్లవారగానే దృష్టి దాని మీదకు పోతుంది. ఆ పొద్దున మీరు అక్కడ ఉండాలి. మొదటి మూడు నాలుగు రోజులు గొడవ ఉంటుంది, రెండు వారాల్లో వరస తేలుతుంది. తేలాక ఒకదాన్ని తీసి పెట్టల్లో తిప్పి మళ్లీ దొడ్డిలో వేయొద్దు, వరస మొత్తం మొదటికొస్తుంది. పెద్దదాని బదులు కుర్రది కావాలనుకుంటే అది శాశ్వతంగా మార్చడమే. పిల్లలు ఏ పుంజువో తెలియాలంటే మార్చిన మూడు వారాల తర్వాతి గుడ్లే పొదగేయండి, పాత పుంజు ప్రభావం పెట్టలో రెండు వారాలకు పైగా ఉండొచ్చు.

గింజలబుట్ట:

దెబ్బ తగిలినదాన్ని దూరంగా తీసుకెళ్లకండి. దొడ్డిలోనే ఒక మూల మూడడుగుల మెష్ పంజరం పెట్టి, కింద అడుగు ఎత్తు అట్ట చుట్టి, అందులో ఉంచండి. మిగతావాటికి రోజూ కనపడుతుంటే కొత్తది అనుకోవు. పూర్తిగా వేరే చోట వారం ఉంచారంటే అన్నదమ్ములైనా కొత్తవాళ్లే. అప్పుడు పది పదిహేను రోజులు ఇదే పంజరంలో చూపించి, సాయంత్రం మేత వేళ వదలాలి. గొడవ మొదలైనా కాసేపట్లో చీకటి పడుతుంది. గాయం బెటాడిన్‌తో కడిగి, ఎరుపు కనపడకుండా పసుపు అద్దండి. ఎర్రగా కనపడితే మిగతావి అక్కడే పొడుస్తాయి. మశూచి టీకా వేయించారో లేదో చూసుకోండి, చీరుకుపోయిన జుట్టు నుంచి, దోమకాటు నుంచి ఆ వైరస్ లోపలికి పోతుంది.

ముళ్లు: ఐదు నెలలవాటికి ఇంకా బొడిపెలే, వదిలేయండి. పెద్దదానివి అర అంగుళం దాటి మొన తేలి ఉంటే ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి. కోయడం కంటే అదే మేలు. రాత్రిపూట తువ్వాలు చుట్టి ఒకరు పట్టుకుంటే పని తేలిక. ముల్లు లోపల రక్తం ఉన్న ఎముక ఉంటుంది, కాబట్టి చివర నాలుగో వంతుకు మించి తీయొద్దు. గులాబీ రంగు చుక్క కనపడగానే ఆపేయండి. రక్తం వస్తే పటిక పొడి గట్టిగా అదిమి రెండు నిమిషాలు పట్టుకోండి. ఉడికిన బంగాళాదుంప గుచ్చి తొడుగు ఊడదీసే పద్ధతి కొందరు చెబుతారు, కాలు కాలుతుంది, దాని జోలికి పోవద్దు.

డేగకాకి:

గది తలుపు దొడ్డిలోకి కాకుండా బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపలికి తెరిస్తే మేత వేసేటప్పుడు మీ కాళ్ల సందులోంచే అవతలికి దూకుతుంది.