డాక్యుమెంటేషన్ అంతా ఒకే ఫార్మాట్‌లోకి మార్చాలా, వద్దా?

వంకరగీత:
లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 2016లో, 4.8 వెర్షన్‌తో, డాక్యుమెంటేషన్‌ని రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే రాత పద్ధతిలోకి, దాన్నుంచి పేజీలు తయారుచేసే స్ఫింక్స్ అనే టూల్ దారిలోకి తెచ్చింది. అంతకుముందు కొంత డాక్‌బుక్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఉండేది, మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్న టెక్స్ట్ ఫైళ్లు. ఇప్పటికీ ఫైలు ఫైలుకీ తేడానే. లైను ఒకచోట 80 అక్షరాల దగ్గర విరుగుతుంది, ఇంకోచోట ఎక్కడ విరుగుతుందో దేవుడికే తెలియాలి. హెడింగ్ గుర్తులు ఏ వరసలో వాడాలో గైడ్‌లో రాసే ఉంది, పాటించేవాళ్లు పాటిస్తున్నారు, లేనివాళ్లు లేదు. నా మాట ఏ పెద్ద ప్రాజెక్టుకైనా ఒకటే: లింటర్ (ఫార్మాట్ తప్పులు పట్టే టూల్) పెట్టి తప్పనిసరి చేయండి, పాత ఫైళ్లన్నీ ఒకేసారి మార్చేయండి, పీడా పోతుంది.

పాతకాపు:
వద్దు. హెడింగ్ కింద సమానం గుర్తు పెట్టినా, చుక్కలు పెట్టినా, ఒక ఫైలు లోపల వరస మారకపోతే స్ఫింక్స్ ఇచ్చే పేజీ ఒకటే. చదివేవాడికి తేడా తెలియదు. నష్టం మాత్రం నాకు. ఈ వాక్యం ఎవరు, ఎందుకు రాశారని, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో బ్లేమ్ (ఏ లైను చివరిసారి ఎవరు మార్చారో చూపే ఆదేశం) కొడితే "ఫార్మాటింగ్ సరిచేశాం" అనే కమిట్ (గిట్‌లో దాచిన ఒక మార్పు) ఎదురొస్తుంది. ఎవర్ని అడగాలి నేను?

రాత్రిపాళీ:
మళ్లీ మొదలైంది.

వంకరగీత:
2019లో గిట్ 2.23 నుంచి దానికి మందుంది. ఫార్మాటింగ్ కమిట్ల హ్యాష్‌లు (గుర్తింపు కోడ్‌లు) ఒక ఫైల్లో రాసిపెడితే బ్లేమ్ వాటిని దాటేసి చూపిస్తుంది. ఇక ఫార్మాట్ వల్ల లాభమేంటని అడిగేవాళ్లు డివైస్ ట్రీ బైండింగ్స్ (హార్డ్‌వేర్‌ని కెర్నెల్‌కి ఎలా వర్ణించాలో చెప్పే ఫైళ్లు) చూడండి. మామూలు టెక్స్ట్‌గా ఉన్నంతకాలం వాటిలో తప్పులు మనిషి కంటికి కనబడితేనే పట్టుబడేవి. యామల్ స్కీమాలోకి, అంటే మెషిన్ సరిచూడగల నియమాల రూపంలోకి మార్చాక మెషినే పట్టుకుంటోంది.

పాతకాపు:
స్కీమా వేరు, వచనం వేరు. రెండూ కలపకండి. బ్లేమ్ సంగతి కూడా చెబుతాను: ఆ సెట్టింగ్ ఎవరికి వారు పెట్టుకోవాలి. పైగా లైన్లు కలిపేసి, విడగొట్టి పేరా మొత్తం సర్దితే, ఏ పాత లైను ఎక్కడికి పోయిందో గిట్ చేసేది ఊహే. అసలు ఆ 80 దగ్గరే నాకు పేచీ. పేరాలో ఒక మాట మారిస్తే కింద ఆరు లైన్లు జరుగుతాయి. రివ్యూ చేసేవాడు మారిన మాట కోసం వెతుక్కోవాలి.

సెమికోలన్:
అందుకే లైనుకో వాక్యం. ప్రతి వాక్యం కొత్త లైనులో మొదలుపెట్టమని 1974లోనే బ్రయాన్ కెర్నిఘన్ యూనిక్స్ కొత్తవాళ్లకు చెప్పారు.

వంకరగీత:
ఈమెయిల్‌లో ప్యాచ్ (కలపమని పంపిన మార్పు) రివ్యూ చేసి చూడండి, తెలుస్తుంది. రెండు వందల అక్షరాల వాక్యాన్ని రెండు మూడు సార్లు కోట్ చేస్తే చదవగలరా? 80 ఉండాల్సిందే.

సెమికోలన్:
కామా దగ్గర కూడా విరవొచ్చు కదండీ.

పాతకాపు:
అప్పుడు కామా ఎక్కడ పెట్టాలని ఇంకో గైడ్ రాస్తారు.

అనువాదిని:
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మూలం ఫైల్లో కొత్త కమిట్ పడితే అనువాదం పాతబడిందేమో మేం చూసుకోవాలి. మారింది అర్థమా, ఖాళీలా అన్నది తెరిచి చూస్తేనే తెలుస్తుంది. అన్ని ఫైళ్లూ ఒకేసారి మారిస్తే ఆ పని మా నెత్తిన పడుతుంది. ఈ లెక్క ఎవరూ వేయడం లేదు.

పాతకాపు:
వేయరమ్మా. ఒక ప్రాజెక్టు సంగతి చెబుతాను, పేరెందుకు. లాకులు (ఒకే డేటాను రెండు పనులు ఒకేసారి ముట్టుకోకుండా ఆపేవి) ఏ వరసలో తీసుకోవాలో వివరిస్తూ పెద్ద ప్యాచ్ పంపాను. అప్పటిదాకా అది ఎక్కడా రాసిలేదు, కొంతమంది బుర్రల్లోనే ఉండేది. రివ్యూల మీద రివ్యూలు వచ్చాయి. హెడింగ్ కింద గీత పొట్టిగా ఉంది, టేబుల్ అలా కాదు ఇలా, లైను చివర ఖాళీ ఉంది. నేను రాసిన వరస సరైనదేనా అని ఒక్కడు అడగలేదు! విసుగొచ్చి వదిలేశాను. ఇప్పటికీ ఆ ప్యాచ్ కలవలేదు.

వంకరగీత:
గీత పొట్టిగా ఉంటే స్ఫింక్స్ వార్నింగ్ ఇస్తుంది మాస్టారూ. బిల్డ్ చేయకుండా పంపి, చెప్పినవాళ్ల మీద కోపమా? మీ బాధ ఫార్మాట్ గురించి కాదు. మీ ఫైలు ఇంకొకరు ముట్టుకోవడం గురించి.

పాతకాపు:
అవును, అదే. దాచేదేముంది? డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) కోడ్‌లో ఒక లైను మార్చాలంటే ఆ డ్రైవర్ తెలిసినవాడు చూడాలి. డాక్యుమెంట్ దగ్గరకొచ్చేసరికి ఆ విషయం ఓనమాలు తెలియనివాడు కూడా స్క్రిప్టు నడిపి వందల ఫైళ్లు మార్చేస్తాడు, లెక్కల్లో ఆయనే పెద్ద కాంట్రిబ్యూటర్. లోపల రాసింది ఏనాడో చెల్లిపోయి ఉంటుంది, పైన హెడింగులు మాత్రం తళతళ.

వంకరగీత:
ఆ ఓనమాలు తెలియనివాణ్ణి నేనే. నేను ఈ పనిలోకి వచ్చిందే ఫార్మాటింగ్ ప్యాచ్‌లతో. కొత్తవాడికి మీరు తెరిచిపెట్టిన ఇంకో తలుపు చూపించండి. విషయం సరిచేద్దామని మెయింటెయినర్‌కి (ఆ భాగం బాధ్యత చూసేవారికి) రాస్తే జవాబుండదు. ఫైలు మీదంటారు, తెరిచి చూడరు. డాక్యుమెంట్లో చెప్పిన ఫైళ్లు అసలు ఉన్నాయో లేదో చూసే స్క్రిప్టు కెర్నెల్‌లోనే ఉంది. చెల్లిపోయిన పేర్లు పట్టేది మాలాంటివాళ్లు అలాంటివి నడిపితేనే.

రాత్రిపాళీ:
ఇప్పుడు అసలు గొడవ బయటపడింది.

సెమికోలన్:
కొత్త ఫైళ్లకు తప్పనిసరి, పాతవి ఎవరైనా తాకినప్పుడు మార్చుకోవడం. కుదరదా?

పాతకాపు:
తాకడమంటే? అక్షరదోషం దిద్దినా ఫైలంతా మార్చాలా?

వంకరగీత:
రెండు కమిట్లు. ముందు ఫార్మాట్, దాని మీద దిద్దుబాటు.

పాతకాపు:
తలకిందులుగా చెప్పారు. ఆ దిద్దుబాటును రేపు పాత స్టేబుల్ (దిద్దుబాట్లు మాత్రమే తీసుకునే) వెర్షన్‌కి తీసుకెళ్లాలంటే ఫార్మాట్ కమిట్ అడ్డం పడుతుంది, ప్యాచ్ అతకదు. దిద్దుబాటు ముందు.

వంకరగీత:
సరే, దిద్దుబాటే ముందు. ఆ రెండో కమిట్‌కి మెయింటెయినర్ నెలలు గడిచినా జవాబివ్వకపోతే ఎవరు కలపాలి? అది చెప్పండి.